గురువారం తోమిన రేకులు

ఆ గురువారం ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. వీధి గదిలో అద్దాల బల్ల వెనక ఇంటి యజమాని గోపీకృష్ణ. వంటింట్లో పప్పుకు తాలింపు పెడుతూ ఆయన భార్య యశోద. పెరట్లో షెడ్డు కింద, యాసిడ్ పాత్రల దగ్గర, ముక్కుకు తువ్వాలు కట్టుకొని పనివాడు తిప్పన్న. నీళ్ళతొట్టి పక్కన పీట వేసుకొని, కుచ్చిళ్ళు ఎగదోపుకొని కూర్చున్న గోపీకృష్ణ తల్లి వెంకటలక్ష్మమ్మ. వీళ్ళు కాక ఆ ఇంటికి ఏమీ కాని మనిషి ఒకతె ఉంది. పక్కసందు తలుపు తోసుకొని అప్పుడే పెరట్లోకి అడుగుపెట్టిన నాగవేణి.

నాగవేణి చూపు నేరుగా వెనకగోడ మీదికి పోయింది. గోడకు తాను కొట్టించిన చెక్కచట్రం ఉంది. వాన పడకుండా దాని మీద వేసిన చిన్న చూరు ఉంది. నాలుగు కొక్కేలూ ఉన్నాయి. కొక్కేలకు వేలాడాల్సిన రేకులు మాత్రం లేవు.

ఆమె భుజానికున్న సంచి జారి మోచేతి దగ్గర ఆగింది. దాన్ని సర్దుకోవాలని కూడా తోచలేదు.

చూసేవాళ్ళకు అవేమంత గొప్ప వస్తువులు కావు. అగ్గిపెట్టెంత రాగిరేకులు రెండు, అంతే ఉండే వెండిరేకులు రెండు. కానీ నాగవేణి చదువంతా వాటి మీదే నడుస్తోంది. గాలి లోహాన్ని తింటుంది. రాగిచెంబును కొన్నాళ్ళు తోమకుండా వదిలేస్తే నల్లబడేది అందుకే. గాలిలో ఏమేం కలిసి ఉన్నాయో దాన్నిబట్టి ఆ తినడం ఒక చోట ఎక్కువగా, ఒక చోట తక్కువగా ఉంటుంది. ఆమె కొత్తరేకును యూనివర్సిటీలో బ్యాలెన్స్ మీద తూచి, తెచ్చి నెలరోజులు గాలికి వేలాడదీసి, మళ్ళీ తీసుకుపోయి తూస్తుంది. గాలిలోని వాయువులు వచ్చి లోహానికి అంటుకుంటాయి కాబట్టి రేకు బరువు పెరగాలి. పెరిగిన బరువును బట్టి ఆ చోటి గాలికి కొరికే గుణం ఎంతుందో లెక్క తేలుతుంది. మన చేతికి తెలిసే బరువు కాదది. రేకు మీద వేలిముద్ర పడినా లెక్క తప్పుతుంది. అందుకే నాగవేణి వాటిని పట్టకారుతో తప్ప ముట్టదు.

మూడు చోట్ల కట్టింది. పులివెందుల అవతల లింగాలలో వాళ్ళ మామ చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, ఒకటి. జమ్మలమడుగులో ఒక బడి మిద్దె మీద ఒకటి. ప్రొద్దుటూరు పెద్దబావి సందులో, ఈ ఇంటి పెరటిగోడకు ఒకటి. మిగిలిన రెండూ పోల్చుకోవడానికి కట్టినవే, అసలు పని ఈ సందులోనే ఉంది. పాత నగలు కరిగించి బంగారం శుద్ధి చేసే ఇళ్ళు ఇక్కడ వరసగా ఉంటాయి. కరిగించిన నగను యాసిడ్‌లో వేస్తే అందులోని వెండీ రాగీ యాసిడ్‌లో కలిసిపోయి బంగారం అడుగున మిగులుతుంది. అప్పుడు లేచే పొగ ఇటుకపొడి రంగులో ఉంటుంది. ఆ పొగకు బండ్ల పొగ తోడై, పైన మన ఎండ కాస్తే, గాలిలో ఏమేం పుడతాయో నాగవేణి పుస్తకాల్లో చదువుకుంది. ఈ సందులో ఎంత పుడుతున్నాయో ఎవరూ కొలవలేదు. తాను కొలవాలనుకుంది. రేకులు పెనం అడుగులా నల్లబడి వస్తాయని మొదటి నెలంతా ఎదురుచూసింది.

తీరా చూస్తే మెరుస్తూ వచ్చాయి.

రెండో నెలా అంతే. ఆ తర్వాతా అంతే. చీనీ చెట్లకు గంధకం చల్లుతారు కాబట్టి మామ తోటలోని వెండిరేకులు నల్లగా వచ్చేవి. బంగారం సందులోవి మాత్రం అద్దాల్లా వచ్చేవి. యాసిడ్ పక్కనుండే గాలికంటే తోటలో గాలే చెడ్డదని తేలింది. తోటి పరిశోధకులు నవ్వారు. మీ మామను తోట అమ్మేసి యాసిడ్ షెడ్డులో కాపురం పెట్టమని చెప్పు, ఆయుష్షు పెరుగుతుందన్నారు. ఇంకో వింత కూడా ఉంది. ఈ ఇంటి రేకుల బరువు పెరగకపోగా, వేలాడదీసిన రోజుకంటే రవ్వంత తగ్గేది. గాలి తింటే బరువు తగ్గదు కదా సార్ అని గైడు సారును అడిగింది. బ్యాలెన్స్ తేడా అయి ఉంటుంది, సున్నా రాసుకోమన్నాడాయన. రాసుకుంది.

రాసుకొని ఊరుకోలేదు. ఆ సున్నా ఎందుకొచ్చిందో చెప్పాలి కదా అని ఒక వివరణ కూడా అల్లింది. ఇరుకు సందు ఎండకు కాగి, వేడిగాలి పొగనంతా పైకి ఎత్తుకుపోతుందనీ, అందుకే కింద గాలి శుభ్రంగా ఉంటుందనీ రాసింది. బొమ్మలు గీసింది. ప్రొద్దుటూరు కాలేజీలో సెమినార్ పెడితే అక్కడ చదివింది. ఇవి తొలి ఫలితాలు మాత్రమేనని చివర చెప్పింది కూడా. మర్నాడు పేపరువాళ్ళు ఆ చివరి మాట వదిలేసి, 'బంగారం సందులో గాలి శుభ్రం: పరిశోధకురాలు నాగవేణి' అని వేశారు. పేరు అచ్చులో చూసుకొని అప్పుడు మురిసిపోయింది కూడా.

ఈ నెలతో ప్రాజెక్టు అయిపోతుంది. ఈరోజు పాత రేకులు విప్పి, సంచిలో ఉన్న కొత్త రేకులు కడితే అవే ఆఖరివి. ఆ తర్వాత డబ్బులూ రావు, బ్యాలెన్సూ ఇంకొకరి చేతికి పోతుంది. ఎప్పుడూ సోమవారం వచ్చే మనిషి, వచ్చే సోమవారం యూనివర్సిటీకి సెలవని ఈసారి ముందుగానే వచ్చింది. వస్తే కొక్కేలు ఖాళీగా ఉన్నాయి.

"తిప్పన్న మామా, ఈడ రేకులు యాడబోయినాయి?"

తిప్పన్న యాసిడ్ పాత్ర మీదినుంచి తల ఎత్తలేదు. గడ్డంతో తొట్టి వైపు చూపించాడు.

వెంకటలక్ష్మమ్మ ముందు దీపపు కుందులు, పంచపాత్ర, హారతి పళ్ళెం, గంట, అన్నీ కుప్పగా ఉన్నాయి. పక్కన బేసిన్‌లో చింతపండు పులుసు. ఆమె కుడిచేతి బొటనవేలు చింతపండు పిప్పినీ ఉప్పునూ కలిపి ఒక రాగిరేకు మీద గుండ్రంగా రుద్దుతోంది. ఇంకొక రాగిరేకు, రెండు వెండిరేకులు కడిగి తువ్వాలు మీద ఆరబెట్టి ఉన్నాయి. ఆ మూడూ తళతళ మెరుస్తున్నాయి.

నాగవేణి తొట్టి దగ్గరికి నడిచింది. ఈ ఇంటికి ఇన్ని నెలలుగా వస్తున్నా ఆమె వెంకటలక్ష్మమ్మతో ఎప్పుడూ మాట్లాడలేదు. పక్కసందు తలుపు గుండా పెరట్లోకి రావడం, పని చూసుకొని అటే పోవడం. లింగాల నుంచి గొర్రెలు తోలుకొచ్చిన రోజుల్లో వాళ్ళ నాయన ఇలాంటి శెట్ల ఇండ్ల ముందు అరుగు కిందే నిలబడి మాట్లాడేవాడు. ఇప్పుడెవరూ నిలబెట్టరు. అయినా ఆమె కాళ్ళు లోపలి గడప దాకా ఎప్పుడూ పోలేదు.

"అవ్వా, అవి నావి."

"నీవే గదా. ఎవురివన్నారు?" వెంకటలక్ష్మమ్మ నవ్వింది. "వెండివి విబూదితో అయిపోయినాయి. వాటికి చింతపండు పనికిరాదు, గీతలు పడతాయి. ఇదొక్కటే ఉండాది. కూసో పాపా, ఇచ్చేస్తా."

"ఎందుకు తోముతాండావు అవ్వా?"

ఈ ప్రశ్న ఆమెకు విచిత్రంగా తోచినట్టుంది. రుద్దడం ఆపి నాగవేణి వైపు చూసింది.

"రేపు శుక్రవారం గదా. నల్లబడిన రాగి, నల్లబడిన వెండి ఇంట్లో కండ్లబడితే లచ్చిందేవి గడప తొక్కుతాదా? నాది కాకున్నా నా గోడకే గదా ఏలాడతాండాది."

"ప్రతి వారమూ తోముతాండావా?"

"నువ్వు కట్టిపోయిన కాడినుంచి ఒక్క గురువారం తప్పలా. సదువుకునే పిల్ల, తోముకునే తీరిక దానికి యాడిది అనుకున్నా. మల్ల ఎట్ల ఉన్నవి అట్లనే తగిలిస్తా. నువ్వు సోమారం వచ్చేసరికి అద్దం లెక్క ఉంటాయి. ఒక్కసారన్నా బాగుండాయని అంటావేమో అని సూస్తా. నువ్వు అటే వస్తివి, అటే పోతివి."

ఇన్ని నెలల సున్నాలూ నాగవేణి కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. బరువు ఎందుకు తగ్గిందో ఇప్పుడు అర్థమైంది. గాలి తిన్నదాన్ని చింతపండు కడిగేసింది. దాంతోపాటు రేకునూ రవ్వంత గీకింది. వేడిగాలి లేదు, పైకెత్తుకుపోవడం లేదు. తాను గీసిన బొమ్మలన్నీ ఒక ముసలమ్మ బొటనవేలి చుట్టూ గీసినవే. కోపం తన్నుకొచ్చింది. కానీ ఎవరి మీద పడాలో తెలియలేదు. ఎదురుగా ఉన్న మనిషి మెచ్చుకోలు కోసం చూస్తోంది.

"తోమేముందు ఎట్లుండేవి అవ్వా? శానా నలుపా?"

"నీకు రాగి అమ్మినోడు మోసం చేసినాడు పాపా, చెప్తే బాధపడతావని ఊరుకున్నా. మా దేవుని చెంబు లోపల గూట్లో వారమున్నా ఎర్రగనే ఉంటాది. నీవి అదే వారానికి మాడిపోతాయి."

"ఎంత నలుపు? దేని మాదిరి?"

"మా అత్త మొకం మాదిరి."

షెడ్డులోంచి తువ్వాలు వెనక తిప్పన్న కిసుక్కున నవ్వాడు. నాగవేణికి ఏడుపొచ్చింది. తాను ఇన్నాళ్ళు వెతికిన జవాబు ఆ ముసలమ్మ నోట ఉంది. వారానికే మాడిపోతాయట. అంతకంటే మంచి ఫలితం ఏ పరిశోధకురాలికి కావాలి? కానీ అత్త మొకమంత నలుపు అని థీసిస్‌లో రాసుకోవడం కుదరదు కదా.

అప్పుడామె చేసిన పని ఎవరైనా చూస్తే పిచ్చి అనుకుంటారు. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, నీళ్ళు ఒలకబోసి, బేసిన్‌లోని చింతపండు పులుసును అందులోకి వంచుకోసాగింది. రేకుల మీది నలుపంతా ఆ పులుసులోనే ఉంది కదా, యూనివర్సిటీలో పరీక్ష చేస్తే ఏదో ఒకటి తేలుతుంది అనుకుంది. సగం నిండాక చెయ్యి ఆగిపోయింది. ఇందులో కుందులది ఎంత, గంటది ఎంత, పంచపాత్రది ఎంత, రేకులది ఎంత? ఎవరు విడదీస్తారు? సీసా బోర్లించి కరివేపాకు చెట్టు మొదట్లో పోసేసింది.

"పోయాల్సిందీ ఆడనే," అంది వెంకటలక్ష్మమ్మ, పని తెలిసిన పిల్లేనన్నట్టు.

యశోద మజ్జిగ గ్లాసుతో వచ్చింది. నాగవేణి చేతికిస్తూ, అత్తకు వినబడకుండా గొంతు తగ్గించి మాట్లాడింది. రేకులు ముట్టకూడదని గోపీకృష్ణ మొదటిరోజే ఇంట్లో చెప్పాడట. చెప్పింది యశోదకు. తల్లికి నువ్వే చెప్పు అన్నాడట. పెళ్ళయి వచ్చిన ఏడాది, కుందులు తోమడం ఒక వారం మానుకుందాం అత్తా అన్నందుకు పడిన మాటలు యశోద ఇంకా మరిచిపోలేదు. అందుకని చెప్పలేదు. ఏముందిలే, శుభ్రంగా ఉంటే మంచిదే కదా అనుకుంది.

"అంత ముఖ్యమని నాకు తెలీదు నాగవేణీ. నువ్వన్నా లోపలికి వచ్చి ఒక మాట చెప్పింటే పోయేది."

అదీ నిజమే. కోపం పోయి పడాల్సిన చోటు నాగవేణికి దొరికింది. అది తన మీదే.

మజ్జిగ తాగకుండానే పక్కకు పోయి గైడు సారుకు ఫోన్ చేసింది. జరిగింది చెప్పింది. ఆయన ముందు నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు. ఆ చోటు మొత్తం తీసెయ్యి, పులివెందుల, జమ్మలమడుగు రెండే చాలు, ప్రొద్దుటూరులో అసలు కట్టనేలేదు అనుకో అన్నాడు. పేపర్లో వచ్చింది ఎట్లా సార్ అని అడిగితే, పేపర్లో రోజూ ఎన్నో వస్తాయి, ఎవరు గుర్తుపెట్టుకుంటారు అన్నాడు. ఈ ఆఖరి నెల ఇక్కడే సరిగ్గా కట్టి చూస్తాను సార్, ఒక్క నెల చాలు అని బతిమాలింది. కట్టుకో, కానీ మళ్ళీ ఎవరూ తోమకుండా చూసుకో అని ఫోన్ పెట్టేశాడు.

ఒక్క నెల. ఆ మాట పట్టుకొని ఆమె మొదటిసారి వంటింటి పక్కనుంచి, లోపలి గడప దాటి, వీధి గదిలోకి పోయింది.

గోపీకృష్ణ మంచి మనిషే. గోడకు మేకులు కొట్టనిచ్చాడు, ఎప్పుడూ ఒక మాట అనలేదు. ఇప్పుడు కూడా కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. నాగవేణి కూర్చోలేదు. అద్దాల బల్ల మీద ఆమె చూపు ఆగింది. అద్దం కింద, వెండి పట్టీల డబ్బాల మధ్య, పేపరు ముక్క పరిచి ఉంది. బంగారం సందులో గాలి శుభ్రం. తన పేరు ఉన్న చోట ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది.

"అన్నా, ఇది తప్పు. దీన్ని తీసేయండి."

జరిగినదంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన మొహంలో ముందు నవ్వు వచ్చింది, తర్వాత ఆ నవ్వు కొంచెం కొంచెంగా పోయింది.

"అంటే మా సందులో గాలి చెడ్డదంటావా?"

"ఎంత చెడ్డదో నాకు తెలీదన్నా. శుభ్రమని మాత్రం చెప్పలేను."

"తెలీదు గదా. తెలిసిందాకా ఇది ఉండనీ." ఆయన అద్దం మీద అరచెయ్యి పెట్టాడు.

ఉండనిస్తే నష్టమేంటో ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆయనే చెప్పాడు, దాచాల్సిన విషయం అనుకోలేదు కాబట్టి మామూలుగా చెప్పాడు. వెనకింట్లో గఫూర్ వాళ్ళుంటారు. ఆయన పండ్ల బండి తోలుతాడు, భార్య మెహబూబున్నీసా జాకెట్లు కుడుతుంది. షెడ్డు పొగకు పిల్లకు దగ్గు వస్తోందని వాళ్ళు మునిసిపల్ ఆఫీసులో అర్జీ ఇచ్చారు. ఆఫీసువాళ్ళు వచ్చి అడిగితే గోపీకృష్ణ ఈ పేపరు చూపించాడు. ఇది నా మాట కాదు, సైంటిస్టు మాట, నా గోడకే కొలిచింది అన్నాడు. వాళ్ళు చదువుకొని అర్జీ పక్కన పెట్టేశారు.

నాగవేణి బల్ల అంచు పట్టుకుంది. తనను సైంటిస్టు అని ఎవరైనా అనడం అదే మొదటిసారి.

"నేను ఆఫీసుకు పోయి చెప్తా అన్నా. తప్పు జరిగిందని చెప్తా."

"ఏమని చెప్తావు మ్మా? మాయమ్మ చింతపండుతో తోమిందని చెప్తావా? చెప్పు. నవ్వుకొని టీ తాపిచ్చి పంపుతారు." ఆయన గొంతు పెంచలేదు. "నేనొక్కడినే యాసిడ్ పెట్టుకున్నానా? సందంతా అదే బతుకు. రుజువు తే. గాలి చెడ్డదని లెక్క తెస్తే అందరం కూసోని మాట్లాడతాం. ఊరికే మాటలంటే ఎట్ల?"

"ఆ రుజువు కోసమేనన్నా. ఈ నెల ఒక్కటి సరిగ్గా కట్టుకుంటా. అవ్వకు నేనే చెప్తా, చెయ్యి పెట్టొద్దని."

గోపీకృష్ణ చాలాసేపు బల్ల మీది వెండి పట్టీలను ఒకదాని పక్కన ఒకటి సర్దాడు. ఆయన ఏం చెప్పబోతున్నాడో ఆ సర్దడంలోనే తెలిసిపోయింది.

"నా గోడకు నేనే ఉరి కట్టుకోమంటావా? వద్దులే మ్మా. చట్రం కూడా విప్పుకొనిపో. మనసులో పెట్టుకోవద్దు."

లోపలినుంచి వెంకటలక్ష్మమ్మ గొంతు వినబడింది. అన్నం తినిపొమ్మని చెప్పురా, ఎండన పడి వచ్చింది అంటోంది.

తిప్పన్న సుత్తి అందిస్తే నాగవేణి చట్రం ఊడబీకింది. ఆఖరి మేకు తేలిగ్గా రాలేదు, వచ్చినప్పుడు దానితోపాటు గోడ సున్నం పెచ్చు ఊడి పడింది. వెంకటలక్ష్మమ్మ తోమిన నాలుగు రేకులనూ కాగితంలో చుట్టి చేతిలో పెట్టి, ఈసారి మంచి రాగి కొనుక్కోమని హితవు చెప్పింది. నాగవేణి తలూపింది. ఆమెతో ఏం చెప్పినా ఆమె చేసిన పుణ్యాన్ని పాపంగా మార్చినట్టవుతుంది.

పక్కసందులోకి వచ్చి నిలబడింది. చట్రం ఒక చేతిలో, సంచి ఒక భుజాన. సంచిలో పట్టకారు, కొత్త రేకులు, ఒక్క నెల. ఇవి తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఈ సందులో ఏ ఇంటిని అడిగినా యాసిడ్ ఇల్లే, గోపీకృష్ణ చెప్పిన మాటే చెబుతారు. చెప్పని ఇల్లు ఒక్కటే ఉంది.

ఆలోచిస్తే అది ఇంకా మంచి చోటు కూడా. షెడ్డు గోడ, గఫూర్ ఇంటి మిద్దె పిట్టగోడ దాదాపు కలిసే ఉన్నాయి. పొగ లేస్తే గాలి దాన్ని అటే తోస్తుంది. ముందే అక్కడ కట్టి ఉంటే ఈ పాట్లన్నీ తప్పేవి కదా అనుకుంది. రుజువు కావాల్సింది కూడా వాళ్ళకే. తాను పోయి, తప్పు జరిగిందమ్మా, సరిదిద్దడానికి ఒక్క నెల మీ గోడ ఇవ్వండి అంటే వాళ్ళు కాదంటారా? నడుస్తూ ఏం చెప్పాలో రెండుసార్లు లోలోపల చెప్పుకుంది. పెద్దవాళ్ళతో మాట్లాడాలంటే ఆమె ఎప్పుడూ అలా ముందుగా చెప్పుకునే పోతుంది.

తలుపు సగం తెరిచే ఉంది. లోపల కుట్టుమిషన్ చప్పుడు. గడప అవతల దండెం మీద పిల్ల యూనిఫారం ఆరేసి ఉంది. తెల్ల చొక్కా భుజాల దగ్గర పసుపు నీళ్ళు చల్లినట్టుగా ఉంది. ఆ రంగు ఎలా వస్తుందో నాగవేణికి తెలుసు. ఆ పొగ తగిలి తగిలి తెల్లబట్ట అలా అవుతుంది. పుస్తకంలో చదివింది, కళ్ళతో చూడడం ఇదే.

"అమ్మా," అని పిలిచింది.

మిషన్ ఆగింది. మెడలో టేపు వేసుకొని ఒక ఆడమనిషి వచ్చింది. మెహబూబున్నీసా ఈమేనని నాగవేణి అనుకుంది. ఆమె ముందు చట్రం చూసింది, తర్వాత మనిషిని చూసింది.

"నువ్వు గోపీకృష్ణ ఇంటికి నెలనెలా వస్తాంటివి గదా. నాగవేణి నువ్వేనా?"

"నేనేనమ్మా."

"పేపర్ల సూసినాం. సదివించుకున్నాం కూడా."

నాగవేణి ముందుగా చెప్పుకున్న మాటలన్నీ తారుమారయ్యాయి. అయినా చెప్పింది. రేకుల సంగతి, తోమిన సంగతి, సున్నా రాసుకున్న సంగతి. మెహబూబున్నీసా తలుపు చెక్క మీద చెయ్యి వేసి, మధ్యలో ఆపకుండా అంతా విన్నది. అవతలి గదిలో పిల్ల దగ్గింది.

"మా ఆస్మాకు రెండేండ్లనుంచి ఇదే," అంది మెహబూబున్నీసా. "ఆఫీసుకు పిల్లను ఎత్తుకొని పోతిమి. ఆ చొక్కా కూడా తీసుకపోతిమి, సూడండి సార్ అని. సోడా ఎక్కువేసి ఉతికినావు అన్నారు. పొగ అంటే, పేపరు సూపించి, గాలి శుభ్రమని సదువుకున్నోళ్ళే రాసినారు, మీ పిల్లకే ఏదో ఉంది, పెద్దాసుపత్రికి తీసుకపోండి అన్నారు. మా ఆయన ఇంటికొచ్చి, ఎందుకు పోదామన్నావని నా మీద అరిచినాడు. గోపీకృష్ణ ఇంటోళ్ళు ఇప్పుడు మాతో మాట్లాడరు."

"నా వల్లనే అమ్మా. అందుకే వచ్చినా."

"ఇప్పుడేం కావాల నీకు?"

"మీ మిద్దె గోడకు ఇది కట్టుకోనియ్యండి. ఒక్క నెల. ఎవరూ ముట్టకుండా ఉంటే చాలు. నెలైనాక ఈ గాలి ఎట్లాంటిదో లెక్కతో చూపిస్తా. ఆఫీసులో నేనే చెప్తా."

"ఇప్పుడే పోయి చెప్పు. తప్పు రాసినానని."

"రుజువు లేకుండా చెప్తే నమ్మరమ్మా. రుజువు కావాలంటే ఈ రేకులు కట్టాల."

మెహబూబున్నీసా ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నాగవేణికి బాగుండేది. అలసట మాత్రమే ఉంది.

"మొదట గాలి శుభ్రమని చెప్పినప్పుడు నిన్ను ఎవురన్నా రుజువు అడిగినారా?"

నాగవేణికి సెమినార్ గది గుర్తొచ్చింది. చప్పట్లు గుర్తొచ్చాయి. ఎవరూ ఏమీ అడగలేదు.

"మేము అద్దెకుండేటోళ్ళం. ఇంకో నెల నీ రేకులు ఏలాడితే, వీళ్ళే కట్టించినారని సందంతా మా మీద పడతాది. నెల తర్వాత నువ్వు మల్ల ఇంకోటి తప్పు జరిగిందంటే, మా పిల్లను ఎత్తుకొని యాడికి పోవాల?"

"ఈసారి జరగదమ్మా. నేనే వారం వారం వచ్చి చూసుకుంటా."

మెహబూబున్నీసా దండెం మీది చొక్కా తీసి భుజాన వేసుకుంది. గడప మీదికి వచ్చిన చట్రం మూలను కాలితో కాకుండా, చేత్తోనే, మర్యాదగా బయటికి జరిపింది. తర్వాత తలుపు వేసింది. విసురుగా వేయలేదు. లోపల పిల్లకు అప్పుడే కునుకు పట్టిందేమో, చప్పుడు కాకుండా నెమ్మదిగా దగ్గరికి తోసి, గొళ్ళెం కూడా చేత్తో పట్టుకొని పెట్టింది.